గొంతు మారిన చెవెల్

వెర్లిన్ టటిల్ పొద్దున్నే లేచి మొదట ప్రార్థన చేసుకునేవాడు. ఆ తరవాత గరాజ్ తలుపు పైకెత్తి, డెబ్భయ్యో సంవత్సరంలో తయారైన తన చెవెల్ కారును వెనక్కి నడిపి వాకిట్లో నిలిపేవాడు. ఇంజన్ మాత్రం ఆపేవాడు కాదు. లోపలికెళ్ళి భార్య నార్మాకు కోటు తొడిగి, బొత్తాలన్నీ పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందుసీట్లో కూర్చోబెట్టేవాడు. ఓట్స్ జావ మీద కాస్త దాల్చినచెక్క పొడి చల్లి, ఊది ఊది చెంచాతో తినిపించేవాడు.

నార్మాకు మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. పిల్లల పేర్లు ముందే పోయాయి, ఆ వెనకే వెర్లిన్ పేరూ పోయింది. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెడితే పెదవులు బిగించేసేది. కారులో మాత్రం ఆ పెద్ద ఇంజన్ గురగురలాడుతూ సీటు సన్నగా అదురుతుంటే, పెట్రోలు వాసన కొంచెం కొంచెంగా వస్తుంటే, నోరు దానంతటదే తెరుచుకునేది. పెళ్ళికి ముందు సాగినా అనే నది ఒడ్డున ఇద్దరూ ఇదే కారులో కూర్చుని వేయించిన చేపలు తినేవారు. తల మరిచినదాన్ని ఒళ్ళు దాచుకుందని వెర్లిన్ నమ్మకం. దానికి రోజూ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేవాడు.

శనివారాలు మాత్రం పక్కింటావిడ వచ్చి నార్మా దగ్గర కూర్చునేది. వెర్లిన్ ఆర్డిత్ నడిపే డోనట్ల కొట్టుకు వెళ్ళేవాడు. అక్కడ కిటికీ పక్క బల్ల ముగ్గురిది. చెవెల్ వెర్లిన్‌ది, మస్టాంగ్ గస్‌ది, ప్లిమత్ రాలీ యానోవ్‌స్కీది. ముగ్గురూ రిటైరైన కార్ఖానా మనుషులే. ఏ బండి గొప్పదన్న తగువు వాళ్ళ జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలై తెల్లబడినా తెగలేదు. చెవెల్ తిన్నగా పరిగెత్తడమే గానీ మలుపు వస్తే దండం పెట్టుకోవాల్సిందేనని రాలీ అనేవాడు. నీ ప్లిమత్ రంగు చూసి కాకులు దారి మళ్ళుతున్నాయని వెర్లిన్ అనేవాడు. మీరిద్దరూ కొట్టుకునేలోపు నా మస్టాంగ్ ఇంటికి చేరి నిద్రపోతుందని గస్ ముగించేవాడు.

ఆ బల్లకొక కట్టుబాటు ఉంది. తనది కాని బండిలో కాలు పెట్టినవాడు అందరి ముందూ టోపీ తీసి, "ఇది మంచి బండి" అని ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళలో ఎవరూ టోపీ తీయలేదు. రాలీ కారు ముందుసీటు సంగతి మరీ వేరు. భార్య బెర్నీస్ పోయాక ఆమె తలకు కట్టుకునే పువ్వుల గుడ్డ ఆ సీటు మీద పరిచాడు. ఇక అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. కార్ల తిరునాళ్ళలో పిల్లలు ఎక్కబోతే మెల్లగా చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఆ చలికాలం పెద్ద మంచు పడ్డ ఒక ఉదయం నార్మా కారులో రెండు చెవులూ మూసుకుంది. ఇంజన్ రొద ఆమెను బాధపెడుతోందని వెర్లిన్‌కు తోచింది. పాత కార్బ్యురేటర్ తీయించి, తాళం తిప్పగానే మెత్తగా రాజుకునే కొత్తరకం యంత్రం పెట్టించాలనీ, పొగగొట్టాలు కూడా చప్పుడు లేనివి వేయించాలనీ అనుకున్నాడు. శనివారం ఆ మాట చెబితే రాలీ కాఫీ కింద పెట్టేశాడు.

"ఒరేయ్, దాని గొంతు కోస్తావట్రా? చర్చిలో పాటబృందాన్ని గుసగుసలాడమన్నట్టుంటుంది."

"మా ఆవిడ చెవుల కంటే దాని గొంతు ఎక్కువట్రా నాకు?" అన్నాడు వెర్లిన్. పని చేయించేశాడు. పాత సామానంతా షెడ్డువాళ్ళు తుక్కులోకి పంపేశారు.

మర్నాడు కారు పిల్లిలా నిశ్శబ్దంగా వాకిట్లోకి వచ్చింది. నార్మా కూర్చుంది, కిటికీలోంచి చూసింది. చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పుకుంది. ఆ మర్నాడూ అంతే. వెర్లిన్ బతిమాలాడు, పాట పాడాడు, తనే నోటితో ఇంజన్ చప్పుడు చేశాడు. ఆమె వేరేవాళ్ళ పసివాణ్ణి చూసినట్టు జాలిగా చూసింది గానీ నోరు తెరవలేదు.

ఇంటికొచ్చే నర్సు నార్మాను తూకం చూసి, వెర్లిన్‌ను పక్కకు పిలిచింది. వచ్చే వారానికి బరువు ఇంకా తగ్గితే ఆమెను సంరక్షణాలయంలో చేర్చక తప్పదంది. చెబుతున్నంతసేపూ అతని భుజం మీంచి చెయ్యి తీయలేదు, మంచి పిల్ల. ఆ పూట వెర్లిన్ గరాజ్‌లో ప్రార్థనకని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

శనివారం ఆర్డిత్ అడక్కుండానే నార్మా కోసం రొట్టెముక్క కాగితంలో చుట్టి పెట్టింది. ఎప్పుడూ పెట్టేదే. పెడుతూ, "వెర్లిన్ గారూ, ఆవిడ ఊలు టోపీ ఇక్కడే ఉండిపోయింది. ఆ పెద్ద మంచు పడకముందు ఒకరోజు ఆవిణ్ణి తీసుకొచ్చినప్పుడు మరిచిపోయారు. పాపం, చెవులకి ఎంత చలేసిందో" అంది.

వెర్లిన్ ఆ టోపీని చేతిలోకి తీసుకుని, చెవులు కప్పే అంచులు తడిమాడు. రొద కాదు. చలి. నార్మా చెవులు చలికి మూసుకుంది.

గస్ ఏదో చెవెల్ మీద జోకు మొదలెట్టి, వెర్లిన్ మొహం చూసి ఆపేశాడు. కిటికీ బయట రాలీ ప్లిమత్ నిలబడి ఉంది. బాటరీ బలహీనంగా ఉందని ఇంజన్ ఆపకుండానే వచ్చాడు రాలీ. బల్ల మీది కప్పులు సాసర్లలో సన్నగా గలగలలాడుతున్నాయి. ఆ అదురు వెర్లిన్ మోచేతుల్లోకి ఎక్కింది. బయట ముందుసీటు మీద పువ్వుల గుడ్డ కనిపిస్తోంది. వెర్లిన్ దాన్ని చూశాడు, కళ్ళు దించుకున్నాడు, మళ్ళీ చూశాడు.

మెల్లగా తన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. గస్ కాఫీ కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది.

"అది మంచి బండి, రాలీ."

"ఏమైందిరా?" అన్నాడు రాలీ. గొంతులో ఎగతాళి లేదు.

వెర్లిన్ మొత్తం చెప్పాడు. చెప్పి, చేతుల్ని నార్మా ఊలు టోపీలో దాచుకున్నాడు.

"రేపు పొద్దున్న బండి మా వాకిట్లోకి తీసుకురా. ఇంజన్ ఆపొద్దు. నేను వెనక సీట్లో కూర్చుంటాను. బెర్నీస్ గుడ్డ నేనే తీసి, మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంటాను, నేల తాకనివ్వను. ఆ సీట్లో మా నార్మాని ఒక్కసారి కూర్చోనివ్వు."