తుఫాను షెల్టరు ముందు పికిల్‌బాల్

ఉద్దానంలో టేపుతో నేల కొలిచేవాణ్ణి ఎవరూ నమ్మరు. ఎప్పుడు ఎవరొచ్చి ఏ తోట తీసుకుంటామంటారోనని ప్రతి ఇంటికీ ఓ భయం. ఆ సంగతి నాకు తెలియదా? నేను పెరిగింది అక్కడే, మేనమామ జీడితోటలో. నాన్న పోయాక నన్ను చదివించింది మావయ్యే. ఆయన నన్ను నమ్ముతాడు కాబట్టే ఊరు నన్ను నమ్మేది. ఆ నమ్మకం పోగొట్టుకోకూడదని ఇన్నేళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికినవాణ్ణి, ఒక ప్లాస్టిక్ బంతి కోసం టేపు పట్టుకెళ్ళాను.

బంతి తెచ్చింది నా బామ్మర్ది. పికిల్‌బాల్ అట, విశాఖపట్నంలో ఏదో అపార్టుమెంటులో ఆడుతుంటే చూశాడట. ఒళ్ళంతా చిల్లులున్న బంతి, అట్టలాంటి బ్యాటు, నడుం ఎత్తు నెట్టు. నాకు సుగర్ వచ్చిందని, నడవమంటే నడవడం లేదని వాళ్ళక్క చెప్పినట్టుంది. "ఎక్కువ పరిగెట్టకుండానే సెమట పట్టే ఆట బావా ఇది" అన్నాడు. అప్పుడే అనుమానించాల్సింది.

పలాస, కాశీబుగ్గల్లో జాగా వెతకడం మొదలుపెట్టాం. పార్కులో కాపలాదారు అడగ్గానే "ఆడుకోండి బాబూ" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఏదో ఉందన్నాను నేను. "నీకు అందరి మీదా అనుమానమే" అని బామ్మర్ది నవ్వాడు. మర్నాడు సాయంత్రం వెళ్తే, మేం చూసుకున్న సిమెంటు నేల మీద ఎవరిదో పుట్టినరోజు షామియానా. కాపలాదారు మా వైపు తల తిప్పలేదు.

కాలేజీ మైదానం నిండా క్రికెట్. రైల్వే వాళ్ళ స్థలంలో కొన్నాళ్ళు బాగానే సాగింది గానీ, ఒకరోజు ఒకాయన మోటారు సైకిల్ ఆపి, హెల్మెట్ తీయకుండా చాలాసేపు చూసి వెళ్ళాడు.

"ఊరికే సూసినాడు బావా" అన్నాడు బామ్మర్ది.

ఊరికే చూసేవాడు హెల్మెట్ తీస్తాడు. నేను నెట్టు మడిచేశాను.

టెక్కలిలో మా ఆఫీసుకి దగ్గర్లో షటిల్ కోర్టు ఉంది. మా ఆటకి ఆ గీతలే సరిపోతాయి. అక్కడ రోజూ ఆడే పెద్దమనిషి ఒకాయన మా బంతి చేతిలోకి తీసుకుని, చిల్లుల్లోంచి అటూ ఇటూ చూసి, "ఏ ఆఫీసు సార్ మీది?" అనడిగాడు. చెప్పాను. భూముల ఫైళ్ళు తిరిగే ఆఫీసు మాది. ఆయన వెంటనే కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, ఎంతసేపైనా ఆడుకోమన్నాడు. ఆ టీ సగం తాగి పక్కన పెట్టేశాను. ఇవాళో రేపో తన ఫైలు సంగతి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తాడు కూడా. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు.

అప్పుడు నాకే తట్టింది, మా ఊళ్లో తుఫాను షెల్టరుంది కదా అని. అక్కుపల్లి దాటాక సముద్రం వైపు ఊరు మాది. షెల్టరు ముందు జీడిపిక్కలు ఎండబెట్టే సిమెంటు కళ్ళం ఉంది. పిక్కలొచ్చే కాలం కాకపోతే ఖాళీయే. పంచాయతీది, అంటే అందరిదీ. మన ఊరు, మన మనుషులు, ఇక్కడ ఎవర్ని అనుమానించాలి అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

ఆదివారం ఎండ తగ్గాక టేపు పరిచాం. బామ్మర్ది ఒక కొస, నేను రెండో కొస. మూలల్లో ఇటుక ముక్కలు పెట్టి, ముగ్గుపిండితో గీతలు పోశాం. తల ఎత్తి చూద్దును కదా, కళ్ళం చుట్టూ జనం. ఎవరూ ఏమీ అడగలేదు. ఎప్పుడెళ్ళినా భోంచేసి వెళ్ళమనే పెద్దమ్మలు కూడా పలకరించలేదు. ఒకతను మా కారు నెంబరు ప్లేటుకి ఫోటో తీసుకున్నాడు.

నాకు వరసకి వదినయ్యే ఆవిడ చీపురు పట్టుకొచ్చి మా గీత ఊడవడం మొదలుపెట్టింది.

"ఆట కోసం గీసేం వదినా" అన్నాను.

"ఆటకేటి టేపు? మాము సిన్నప్పుడు ఆడనేదా? కాలితో గీసుకున్నాం."

"దీనికి కొలతలుంటాయి."

"ఉంటాయి మరి. ఆపీసోడివి, కొలతలు నీకు తెలవకపోతే ఎవులికి తెలుస్తాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేమన్నా దొంగనా? ఇంతలో జనంలోంచి మావయ్య వచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. "మా అల్లుడు ఆడుకుంతానన్నాడు. ఆడనియ్యండి" అన్నాడాయన, అంతే. వదిన చీపురు పక్కన పెట్టింది గానీ గీత పక్కనే చతికిలబడింది.

ఆడాం. కోపంతో ఆడానేమో, బామ్మర్దిని చిత్తుగా ఓడించాను. మావయ్య షెల్టరు మెట్ల మీద కూర్చుని చివరిదాకా చూశాడు. పొద్దు గూకుతుంటే జనం ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు. బామ్మర్ది నెట్టు కారులో పెట్టడానికి వెళ్ళాడు. మావయ్య నాకు బొండం కొట్టి ఇచ్చి, తాగుతుంటే వీపు మీద చెయ్యి వేశాడు.

"ఆట బాగుందిరా."

"వచ్చే ఆదివారం నువ్వూ ఓసారి బ్యాటు పట్టుకో మావయ్యా."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "నిన్నెవులు పంపినారో నానడగను. నీ ఉజ్జోగం నీది. నువ్వడిగితే నాను కాదననని ఆళ్ళకి తెలుసు. అందుకే నిన్ను పంపినారు" అన్నాడు.

"ఎవరూ పంపలేదు మావయ్యా. ఇది ఆటే. ఒట్టు."

"సరేలే. కొబ్బరిసెట్లున్న ముక్క మీ అత్త పేరు మీదుంది, అది ఒగ్గేయ్. మిగిల్నదానికి సంతకం ఎక్కడెట్టాలో సూపించు."

ఆయన చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీశాడు. మావయ్యకి దూరపు చూపు ఇప్పటికీ బాగానే ఆనుతుంది. కాగితం చదవాల్సి వస్తేనే ఆయన కళ్ళజోడు పెట్టుకుంటాడు. ఆట చూడ్డానికి ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే దాన్ని జేబులో వేసుకుని వచ్చాడు.