మేష్ట్రు రాసిన సాకు

మా డ్రాయింగ్ మేష్ట్రు పోయారన్న కబురు నాకు ఒక తగాదా నడుమ వచ్చింది. ఈసారి విదేశాల్లో పెద్ద బహుమతి కొట్టిన యానిమేషన్ సినిమా దానికి తగిందా కాదా అని మా వాట్సాప్ గుంపులో రెండు రోజులుగా కొట్టుకుంటున్నాం. "ఇచ్చినోళ్లకి కండ్లు లేవు" అని ఒకడు రాశాడు. దాని కింద ఇంకొకడు, "గూళూరు డ్రాయింగ్ మేష్ట్రు పొద్దున పోయినారంట, కాఫీ తాగి కుర్చీలో కూచున్నోళ్లు కూచున్నట్టే" అని రాశాడు. ఇక వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. గొప్ప గురువు, దారి చూపిన దీపం, తీరని లోటు. అరగంట కాకముందే మళ్లీ సినిమా తగాదా మొదలైంది.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. నెల కిందట ఇదే గుంపులో ఇవే చేతులు ఆయన గురించి ఏం రాశాయో నా ఫోన్‌లో ఇంకా ఉంది. అందుకని ఈ నాలుగు మాటలూ కోపంతోనే రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి ఇట్లా రాయవచ్చా అని మీకు అనిపించవచ్చు. నా కోపం ఆయన మీద కాదు. ఎవరి మీదో చదివితే తెలుస్తుంది, అందులో పెద్ద వాటా నాదే.

నాది కర్ణాటక సరిహద్దులో, బాగేపల్లి బస్టాండు ఎదురుగా చిన్న షాపు. ఫ్లెక్సు బ్యానర్లు వేస్తాను, కాగితాలు స్కాన్ చేసి ఇస్తాను. చదివింది గూళూరు సర్కారీ హైస్కూల్లో, కన్నడ మీడియం. అక్కడ మేష్ట్రు మాకు బొమ్మలు నేర్పారు. ఆయన పెన్సిల్‌ని బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు కింద పడకుండా చొక్కా జేబులో వేసుకునేవారు. క్లాసు ఊడ్చే ఆయమ్మకి పని పెంచకూడదని. ఇంట్లో ఆ చొక్కా ఉతికే ముందు జేబు తిరగేసి దులిపే పని మాత్రం ఆయన భార్యది. "బడంతా తెచ్చి నా తొట్లో పోస్తాడు" అని ఆమె తిట్టేది, ఆయన నవ్వేవారు.

ఆయన బొమ్మలకి మార్కులు వెయ్యడానికి ఇష్టపడేవారు కాదు. మేం గీస్తుంటే వెనక వచ్చి నిలబడేవారు. ఇక ఆపాల్సిన చోటు వచ్చిందనిపిస్తే వంగి, కాగితం మూలన పెన్సిల్‌తో ఒకే మాట రాసేవారు: సాకు. కన్నడంలో సాకు అంటే చాలు. మా ఊళ్లలో తెలుగిళ్లలో కూడా అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి సాకు అనేవాళ్లే ఎక్కువ. ఆయన రాసే సాకుకి అర్థం, బొమ్మ నిండింది, ఇంకొక్క గీత పెట్టినా చెడుతుంది అని. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర లేదు. చాలామందికి పదో తరగతి అయిపోయేదాకా ఒక్కటీ దక్కలేదు.

నాకు ఒక్కటి దక్కింది, తొమ్మిదో తరగతిలో. శనక్కాయల బస్తా మీద కూర్చున్న మా అవ్వని గీశాను, ఒక కాలి చెప్పు జారిపోయి వేలికి వేలాడుతూ ఉంటుంది. మేష్ట్రు చాలాసేపు నిలబడి మూలన సాకు రాసి వెళ్లారు. నాకు గాలిలో తేలినట్టయింది. ఆ ఊపులో వెనకాల ఒక కొండ కూడా పెట్టాను, ఇంకా బాగుంటుందని. మరునాడు ఆయన చూసి, "సాకంటే సాకప్పా. కొండ కావాలని మీ అవ్వ అడిగిందా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. బొమ్మ మాత్రం దాచుకున్నాను.

పెద్దయ్యాక యానిమేషన్ పిచ్చి పట్టింది నాకు. నా ఒక్కడికే కాదు, బాగేపల్లిలో, చింతామణిలో, చిక్కబళ్లాపురంలో నాలాంటివాళ్లం కలిసి గుంపు పెట్టుకున్నాం. బహుమతుల కాలం వస్తే మాకు నిద్ర పట్టదు. మేం ఒక్క బొమ్మ కదిలించిన పాపాన పోలేదు గానీ ఎవరికి రావాల్సింది ఎవరికి వచ్చిందో అంతా మాకే తెలుసు. ఆదివారాలు గూళూరు పోయి మేష్ట్రు అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఆ సినిమాలు చూపించేవాళ్లం. ఆయన ముందు సౌండ్ తీసేయించేవారు. బొరుగులు నములుతూ బొమ్మల పాదాలే చూసేవారు.

"అడుగు చూడప్పా, నేల మీద ఆనిందా లేదా. ఆనకపోతే వాడు ఎంత ఏడ్సినా నాకు ఏడుపు రాదు."

"అది సరే మేష్ట్రే, దీనికి బహుమతి ఇయ్యొచ్చా?"

"బహుమతి ఇచ్చినోళ్లు ఇచ్చినారు. బొమ్మ గీసినోళ్లు గీసినారు. మధ్యలో మీరేం చేస్తాండారు?"

ఆ మాటకి మేం కూడా నవ్వేవాళ్లం. సిగ్గు మాత్రం పడలేదు.

రిటైరైన తర్వాత ఆయన దగ్గరికి సాదలి నుంచి ఒక అమ్మాయి వచ్చేది, బస్సులు మారి. వాళ్ల ఇంట్లో పట్టుపురుగులు సాకుతారు. కాలేజీలో చదువుకుంటూ, వాళ్లమ్మ పురుగులకి మల్బరీ ఆకు వెయ్యడాన్ని కాగితాల మీద గీసి, ఫోన్‌తో ఒక్కొక్కటీ ఫోటో తీసి, నాలుగు నిమిషాల సినిమా చేసింది. అందులో ఇంకేమీ లేదు. అమ్మ ఆకు వేస్తుంది, పురుగులు తింటాయి, పెరుగుతాయి, ఒకరోజు తినడం మానేస్తాయి. అమ్మ చేతిలో ఆకు అట్లాగే ఉండిపోతుంది. మేష్ట్రు ఆ చివరి బొమ్మ నాకు చూపిస్తూ అన్నారు, "పురుగు సాలిచ్చినాక ఇంకో ఆకు వెయ్యరప్పా. గీత కూడా అంతే. సాకేవాళ్లకే తెలుస్తాది, యాడ సాకో."

ఆ సినిమాని బెంగళూరులో ఒక పోటీకి పంపాలని, కాగితాలు మంచిగా స్కాన్ చేయించడానికి ఆ అమ్మాయి నా షాపుకే వచ్చింది. అట్టపెట్టె నిండా కాగితాలు. ఒక్కొక్కటీ మిషన్ మీద పెడుతూ మూలలు చూశాను. ఒక దృశ్యం ముగిసిన ప్రతిచోటా ఆయన పెన్సిల్ రాత, సాకు. ఇంకో దృశ్యం, మళ్లీ సాకు. నా బతుకు మొత్తానికి ఒక్కటి, అదీ నేనే చెడగొట్టుకున్నది. ఈమెకి పెట్టె నిండా. నాకు కుళ్లు పుట్టింది. వేరే పేరు పెట్టి చెప్పుకోవడానికి ఎంతో చూశాను గానీ అది కుళ్లే.

బహుమతి ఆమెకే వచ్చింది. అదే పోటీకి మా గుంపులోని చింతామణి మిత్రుడు కూడా పంపాడు, గుర్రాలు, మంటలు, కూలే కోటలు, అంతా కంప్యూటర్‌లో చేసింది. దాని పోస్టరు నేనే వేసిచ్చాను. అతనికి రాలేదు. ఆ రోజు గుంపు చూడాలి మీరు. పల్లెటూరు, ఆడపిల్ల, పట్టుపురుగు, జడ్జీలకి ఇంకేం కావాలి అని ఒకరు. అది సినిమానా, రేష్మె ఇలాఖా, అదే పట్టు శాఖ, వాళ్ల ప్రచారమా అని ఒకరు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మాకోసమే పుట్టినట్టుంది. "నువ్వే కదా స్కాన్ చేసింది, చూపీ చూద్దాం, చేత్తో గీసిందేనా" అని నన్ను అడిగారు. ఆమెని అడగకుండా, ఆ చివరి బొమ్మ, అమ్మ చేతిలో మిగిలిన ఆకు, గుంపులో పెట్టాను.

మూలన రాతని మొదట పట్టింది చింతామణి మిత్రుడే. "చూడండప్పా, వాళ్ల మేష్ట్రే సాకు అని రాసినాడు. సాకంటే నెపం. చేత్తో గీసినాననేది వట్టి సాకు అని ఆయనే ఒప్పుకున్నాడు" అని రాశాడు. తెలుగులో సాకు అంటే నెపమే, కాదనను. కన్నడంలో రాసినా తెలుగులో రాసినా ఆ రెండక్షరాలూ చేతిరాతలో ఒకటిగానే ఉంటాయి. కానీ అతనికి తెలియదా? చింతామణిలో పుట్టి, కన్నడంలో చదివి, హోటల్లో సాంబారు పోస్తుంటే సాకు సాకు అని చెయ్యి అడ్డం పెట్టేవాడికి తెలియదా? గుంపులో ఒక్కరికైనా తెలియదా? మాకు తెలుగు ఎప్పుడు కావాలో కన్నడం ఎప్పుడు కావాలో బాగా తెలుసు. ఆఫీసులో కన్నడం, అంగట్లో తెలుగు, అబద్ధానికి ఏది అనువైతే అది.

ఇంకొకడు, మూలన వేరే చెయ్యి ఉందంటే గీసింది కూడా ఆ ముసలాయనే అన్నాడు. పేరాశ ముసలోడు అని ఒకడు. ఆ మాట అన్నవాడు పదో తరగతిలో ఆయన కొనిచ్చిన రంగులతో పరీక్ష రాసినవాడు. నేను "అది కన్నడం సాకు, చాలని అర్థం" అని టైపు చేశాను. చేసి, చెరిపేశాను. కుక్కిన పేనులా కూర్చుని, వాళ్లు ఆ బొమ్మ పెట్టి పోటీవాళ్లకి ఫిర్యాదు రాయడం చూశాను. విచారణ అయ్యేదాకా బహుమతి ఆపేశాం అని ఆ అమ్మాయికి ఉత్తరం వచ్చింది.

వారానికి మేష్ట్రు నా షాపుకి వచ్చారు, ఎండలో, గూళూరు బస్సు దిగి. చెమట తుడుచుకోవడానికి జేబులోంచి గుడ్డ తీస్తే పెన్సిల్ పొట్టు నా బల్ల మీద రాలింది. క్లాసులో ప్రశ్న అడిగినట్టే అడిగారు.

"ఏమప్పా, సాకంటే ఏమి?"

"సాలు అని, మేష్ట్రే."

"తెలుసు కదా. మరి చెప్పలేదే?"

నేను మిషన్ వైపు చూశాను. ఆయన తిట్టలేదు. గురువు మాట శిష్యురాలికి సాక్ష్యంగా చెల్లదని పోటీవాళ్లు అన్నారంట. పాత విద్యార్థి ఎవరైనా ఆయన రాత చూపించి చెప్తే ఆలోచిస్తారంట.

"మీ అవ్వ బొమ్మ ఉండాదా నీ దగ్గర? దాని మీద నా సాకు ఉండాది. అది పెట్టి రెండు మాటలు రాయప్పా. బహుమతి వస్తాదో రాదో నాకు తెలీదు. ఆ పాప గీసింది ఆ పాప గీసిందే అని ఒకరు చెప్పల్ల."

"రాస్తా మేష్ట్రే. రెండు దినాలు టైమియ్యండి."

"రెండు దినాలు యాల? చేతిలో పనే కదా."

ఆయన బస్సెక్కి వెళ్లిపోయారు. రెండు దినాలు కాదు, మూడు వారాలు పోనిచ్చాను. పెళ్లిళ్ల బ్యానర్లు ఉన్నాయి, బొమ్మ ఏ పెట్టెలో ఉందో అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలైన తెలుగు సాకులు అవీ. పెట్టె నా మంచం కిందే ఉంది. ఆయన మళ్లీ ఫోన్ కూడా చెయ్యలేదు. ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ఆ తర్వాత వచ్చింది గుంపులోని ఆ కబురే.

గుండె ఆగిపోయింది, మేం ఆపలేదు. డాక్టరూ అదే చెప్పాడు. కానీ ముప్పై ఏళ్లు ఒకే మాటని మెప్పుగా రాసిన మనిషి, ఆఖరి నెలంతా ఆ మాటకి అర్థం చెప్పుకుంటూ తిరిగాడు. ఆ పని మేమే పెట్టాం.

మరునాడు గుంపు తరఫున శ్రద్ధాంజలి బ్యానర్ కావాలని చింతామణి మిత్రుడు ఫోన్ చేశాడు. పైన మేష్ట్రు, కింద వరసగా మా అందరి ఫోటోలు.

"వేరే షాపు చూసుకోప్పా" అన్నాను.

"ఏమాయ రా నీకు?"

"సాకంటే ఏమో చెప్పు, వేసిస్తా."

అతను ఫోన్ పెట్టేశాడు. ఆ పూటే మంచం కింది పెట్టె లాగి అవ్వ బొమ్మ తీశాను. స్కాన్ చేసి, జరిగిందంతా, నేను నోరు మూసుకున్నది కూడా రాసి, పోటీవాళ్లకి పంపాను. గుంపులోనూ పెట్టాను. "ఇప్పుడు యాల ఈ పాత కత" అని ఒకరు రాశారు. నేను గుంపులోంచి బయటికి వచ్చేశాను. పోటీవాళ్ల జవాబు ఇది రాసేనాటికి రాలేదు. వచ్చినా చూడాల్సిన మనిషి లేడు.

పదకొండో దినం గూళూరు పోయాను, అవ్వ బొమ్మ పట్టుకుని. మేష్ట్రు భార్య లోపల ఉతకని ఆఖరి చొక్కా ఒడిలో పెట్టుకుని కూర్చుంది, జేబు తిరగెయ్యకుండా. సాదలి అమ్మాయి అరుగు మీద ఉంది. ఆమెకి బొమ్మ ఇచ్చాను.

"మీకు ఆ మాట అర్థం ముందే తెలుసా అన్నా?"

"తెలుసు."

"వాళ్లు రాసే పొద్దే తెలుసా?"

"ఆ పొద్దే తెలుసు."

ఆమె నన్ను ఏమైనా అనివుంటే బాగుండేది. బొమ్మని ఒళ్లో పెట్టుకుని పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి చూస్తూ పోయింది, మేష్ట్రు చూసినట్టే.

"ఈ కొండ యాల పెట్టినారు?"

"ఆపడం తెలియక."

ఆమె బొటనవేలు తెచ్చి ఆ కొండ మీద ఆనించింది. కొండ మొత్తం వేలి కింద దాగిపోయింది. వేలి పక్కన మా అవ్వ ఒక్కతే, శనక్కాయల బస్తా మీద, చెప్పు వేలికి వేలాడుతూ. మూలన ఆయన రాసిన రెండక్షరాలు.