పిన్ని చెప్పి రాయించిన ప్రాజెక్టు

మొన్న బాపట్లలో నేను పనిచేసిన కాలేజీ నుంచి ఒక లెక్చరరమ్మాయి, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నదే, ఫోనుకి పొడుగాటి కాగితమొకటి పంపించి, ఈ ఏడాది పిల్లల కోసం తయారుచేసిన ప్రాజెక్టు ఐడియాలండి, ఒక్కసారి చూసి పెట్టరూ అని అడిగింది. రేపల్లెలో మా ఇంటి వసారాలో కూర్చుని చదివాను. ఎంత నున్నగా ఉన్నాయనుకున్నారు! ఇంత పని ఎప్పుడు చేశావే తల్లీ అంటే, కంప్యూటర్నే అడిగానండి, టీ చల్లారేలోపు రాసిచ్చేసింది అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఫోను పక్కన పెట్టి కళ్ళు మూసుకునేసరికి తెనాలిలో మా పిన్ని ఇల్లు కళ్ళ ముందుకొచ్చేసింది.

నాలాగా రైల్లో ఉద్యోగాలకు తిరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళాలంటే తెనాలిలో బండి మారాలి. పొద్దున అంతా ఉరుకులు పరుగులే గానీ, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నిడుబ్రోలు దాటాక చేల మీద ఎండ మెత్తబడుతుంటే, కిటికీకి తల ఆనించి, నిద్రో మెలకువో తెలియని స్థితిలో తెనాలి చేరేదాన్ని. రేపల్లె బండికి ఇంకా బోలెడు వ్యవధి ఉండేది. స్టేషను వెనక వీధిలోనే పిన్ని ఇల్లు. ఆవిడ కొడుకు, అంటే మా అన్నయ్య, బ్యాంకులో గుమాస్తా, ఒట్టి కంప్యూటరు పిచ్చివాడు. ఎవరైనా ఉచితంగా వాడుకుని, కావలిస్తే విప్పి మార్చుకోగల సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కదా, వాటికి తెలుగు నేర్పించే చిన్న గుంపొకటి ఉండేది మాకు. అందులో చాలామందిమి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, అయినా చుట్టాలకంటే ఎక్కువగా పోట్లాడుకునేవాళ్ళం.

ఇలాంటి గుంపులకు వేసవిలో విద్యార్థులను అప్పగించే కార్యక్రమం ఒకటుండేది. పిల్లలు పని చేస్తారు, మనం పక్కనుండి దారి చూపాలి. అయితే ముందుగా మా దగ్గర ఫలానా పనులున్నాయని ఐడియాలు రాసి పెడితే, పిల్లలు చదివి మనసైనది ఎంచుకుంటారు, ఎవరూ ఎంచుకోకపోతే ఆ పని అక్కడే పడి ఉంటుంది. చలికాలం సాయంత్రాల్లో పిన్ని పెట్టిన ఉప్మా తింటూ, అన్నయ్యా నేనూ ఆ ఐడియాలు రాసేవాళ్ళం.

పిన్నికి అప్పటికే నీటికాసులు వచ్చి చూపు పోయింది. వంటిల్లు చేతుల గుర్తు మీద నడిపేసేది గానీ, ఆవిడ అసలు బాధ వేరు. పెళ్ళైన నాటినుంచీ మధ్యాహ్నం మంచమెక్కి వారపత్రిక చదువుతూ చదువుతూ, అది గుండెల మీద వాలగా నిద్రపోవడం అలవాటు. చూపుతో పాటు ఆ నిద్రా పోయింది. అన్నయ్య కంప్యూటర్లో చదివే గొంతొకటి పెట్టాడు, కానీ అది ఎక్కడా ఆగకుండా, ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా గబగబా చదివేది. కట్టెయ్యరా బాబూ, దానికి లేకపోయినా నాకు ఆయాసమొస్తోంది అనేది పిన్ని. దానికి తెలుగు చదివే తీరు నేర్పడమనే పనిని అన్నయ్య ఐడియాల్లో చేర్చాడు.

ఆ ఏడాది మిగతా వాటికి పిల్లలొచ్చారు, దీనికి ఒక్కరూ రాలేదు. నేను గడప తొక్కగానే, ఏమే, ఎవరైనా అడిగారటే, అని పిన్ని అడుగుతుంటే నేను మాట మార్చేసేదాన్ని. చివరికి అన్నయ్యకు పంతమొచ్చి, నేనే చేసేస్తానమ్మా అన్నాడు. "నువ్వా? నువ్వు మొదలెట్టిన గోడ గూటికి ఇంతవరకు తలుపుల్లేవు. వద్దులేరా, నేర్చుకునే పిల్లలనే రానీ" అనేసింది.

మరుసటి చలికాలం పిన్ని నన్ను కూర్చోబెట్టి, పోయినేడాది ఏం రాశారో తెలుగులో చెప్పమంది. చెప్పాను. మొదట ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో, ఏ పద్ధతిలో చేయాలో, అన్నీ అన్నయ్యే తేల్చి రాసేశాడు. పిన్ని పకపకా నవ్వి, టెండరు నోటీసులా ఉందే, పిల్లలు జడుసుకోరూ అని, తనే చెప్పడం మొదలుపెట్టింది. "నాకు చూపు లేదు. కథలంటే ప్రాణం. మీ మిషను చదువుతోంది గానీ ఊపిరి తీసుకోదు. ఎక్కడ ఆగాలో దానికి నేర్పే పిల్లలుంటే రండి నాయనా. ఎలా నేర్పాలో మాకూ తెలీదు, కలిసి చూసుకుందాం." నేను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాను. అన్నయ్యకు తల కొట్టేసినట్టయింది, నలుగురూ నవ్వుతారే అని గునిశాడు. నవ్వితే నవ్వనీ, మన సొమ్మేం పోయిందన్నాను.

అనంతపురం దగ్గర ఊరి నుంచి ఒక ఇంజనీరింగు పిల్ల ఆ ఐడియా ఎంచుకుంది. ఇదే ఎందుకమ్మా అంటే, కలిసి చూసుకుందాం అన్నారు కదా, అందుకని అంది. ఆ వేసవంతా పిన్నికి ఫోన్లే ఫోన్లు. ఏదో వాక్యం చదివి, ఇక్కడ ఆగాల్నా అవ్వా అని అడిగేది. నన్ను అవ్వంటుందేమిటే, నేనంత ముసలిదాన్నా అని పిన్ని మొదట్లో మూతి ముడిచింది గానీ, నాలుగు రోజులు పోయేసరికి, నా మనవరాలు ఇంకా చెయ్యలేదేంటి అని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ పిల్ల ఊరికే ప్రశ్నలడిగేది కాదండోయ్, నిన్న పంపింది విన్నావా, కునుకు పట్టిందా అని కూడా కనుక్కునేది. లేదే అమ్మా అంటే మళ్ళీ మొదటికొచ్చేది.

ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం, కాలేజీకి సెలవై నేనక్కడే ఉన్నాను. ఆ పిల్ల కొత్తగా పంపిన గొంతు అన్నయ్య పెట్టాడు. పిన్ని మంచం మీద లేచి కూర్చుని, ఆఁ, ఆగింది చూశావా, అని వేలెత్తి చూపింది. కాసేపటికి ఒరిగింది. ఇంకాసేపటికి వేలు లేవలేదు. బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి, లోపల ఆ గొంతు ఒక్కో మాట దగ్గర ఆగి, మళ్ళీ అందుకుంటోంది. పిన్ని నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక మొదలైంది. కథ అయిపోతే లేస్తుందేమోనని అన్నయ్య మళ్ళీ మొదటినుంచి పెట్టి, లుంగీ అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఆ పూట రేపల్లె బండి తప్పిపోయింది.

పిన్ని పోయి చాలా కాలమైంది. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో, ఎంతమందికి అమ్మో తెలియదు. నాకూ చూపు మందగిస్తోంది. బాధేం లేదు, ఏ కథ కావాలన్నా ఫోనే చదివేస్తుంది, ఆగవలసిన చోటల్లా ఆగుతుంది, హాయిగా నిద్ర పట్టేస్తుంది కూడాను. పిన్నికి మాత్రం ఆ నిద్ర ఊరికే రాలేదు. ఎన్నడూ చూడని తెనాలి ముసలావిడకి ఇవాళైనా కునుకు పట్టిందా లేదా అని, ఎక్కడో అనంతపురం దగ్గర ఒక పిల్ల వేసవంతా అడుగుతూనే ఉంది. ఈ మధ్య నేను నిద్ర లేచాక, పట్టిందా అని అడిగేవాళ్ళెవరూ ఉండరు.