పాలు తిండి కాదట

కర్నూలు నుంచి బేతంచెర్లకు వెళ్ళే పొద్దుటి బస్సులో డోరు పక్క సీటు నాది. ఎవరైనా కూర్చుని ఉంటే లేపేదాన్ని. ముసలివాళ్ళను కూడా లేపాను. సిగ్గులేదా అని అడిగినవాళ్ళకు, ఉన్న సిగ్గును కాపాడుకోవడానికే లేపుతున్నానని ఎలా చెప్పను?

బేతంచెర్ల జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. దారిలో నాపరాళ్ళ క్వారీలు, పాలిష్ ఫ్యాక్టరీలు, బండలు మోసే లారీలు. ఆడమనిషి దిగి కూర్చోవడానికి ఒక చెట్టు చాటు లేదు. ఉన్నవల్లా పగిలిన బండల కుప్పలే. ఒకరోజు బస్సు ఆపించి వాటి వెనక్కే పరుగెత్తాను. అదే బస్సులో మా ఇంటర్ పిల్లలున్నారు. ఆ పూట క్లాసులో ప్రాథమిక హక్కులు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని.

అప్పటికి నాకు నలభై దాటాయి. ఇంకొక్కసారి అలా జరిగితే ఆ ఉద్యోగం చేయలేనని తెలుసు. మానేస్తే ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో పగలంతా ఉండడమంటే ఏమిటో చెబితే మీకూ కడుపులో తిప్పుతుంది.

కర్నూల్లో కడుపు డాక్టరు గొట్టం వేసి చూశాడు, స్కానింగ్ తీయించాడు. అన్నీ నార్మల్ అన్నాడు, అవేవో నాకు వచ్చిన మార్కులైనట్టు.

"ఐబీయస్ అమ్మా. పేగుకు జబ్బేం లేదు, కోపం ఎక్కువ. టెన్షన్ తగ్గించుకోండి. ఉద్యోగం తప్పనిసరా?"

"మీకు తప్పనిసరా సార్?" అన్నాను. మాత్రలు రాసిచ్చాడు.

ఆ తర్వాత ఊరంతా వైద్యులే. వాము నమలమన్నారు. వంకాయ మానమన్నారు, మానేశాక మళ్ళీ తినమన్నారు. మా స్టాఫ్‌రూములో లెక్కల సారు ఓర్వకల్లు దగ్గర ఎవరో తాయెత్తు కడతారన్నాడు. "పేగుకు తాయెత్తు యాడ కడతారు సార్, లోపలా?" అంటే నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ సలహా వల్ల నాకు కలిగిన మేలు అదొక్కటే.

మా ఆయన మంగంపేట ముగ్గురాయి లారీల బేరాల మీద వారంలో సగం కడపలో ఉండేవాడు. అక్కడ కొత్త ల్యాబు బోర్డు ఒకటి చూసి వచ్చాడు.

"రక్తమిస్తే సాలంట, ఏ తిండి పడదో అచ్చేసి ఇస్తారంట. డాక్టర్లే పోతాండారు."

"డాక్టర్లే పోతాండారంటే వాళ్ళకూ తెలీదనే గదా."

అన్నానే గానీ వెళ్ళాను. బస్సు భయం నన్ను అంతకు దించింది.

ల్యాబులో ఏసీ, గాజు తలుపు, టై కట్టుకున్న మనిషి. కడప ఎండల్లో టై కట్టుకున్నవాణ్ణి చూసినప్పుడే వెనక్కి తిరగాల్సింది. రక్తాన్ని ఎక్కడికో పంపించారు. కొన్నాళ్ళకు రంగుల కాగితం వచ్చింది. ఎర్రవి మానాలి, పచ్చవి తినొచ్చు. ఎరుపులో శెనక్కాయలు, కందిపప్పు, వెల్లుల్లి, చింతపండు. పచ్చలో ఆల్చిప్పలు, టర్కీ కోడి, నాకు నోరు తిరగని చేపలు, పాలు. మేము తినే జొన్నలు, కొర్రలు అసలు కాగితంలోనే లేవు.

"కడపలో ఆల్చిప్పలు ఎవరు తింటారప్పా?" అని అడిగాను.

"అది ఇంటర్నేషనల్ ప్యానెల్ మేడం."

"సరే. ఎర్రగుండేటివన్నీ మా ఇంట్లో దినామూ తినేటివే. పచ్చగుండేటివి నేను పుట్టినాక చూడనివి. ఇంటికి వచ్చిపోయేటోళ్ళ పేర్లు రాసుకొని ఈళ్ళే దొంగలంటే ఎట్లప్పా?"

"మీ బాడీ అట్ల రియాక్ట్ అయితాండాది మేడం. అవన్నీ మానేసి మళ్ళీ టెస్టు చేయించుకోండి, డిస్కౌంటు ఉండాది."

శెనక్కాయ ముట్టకుండా ఈ సీమలో బతకమన్నవాడు ఇక్కడ ఒక్క ముద్దయినా తిని ఉండడు.

రోజూ కడుపులోకి పోయేవాటిలో పాలొక్కటే ఎరుపును తప్పించుకున్నాయి. నేను పట్టించుకోలేదు గానీ మా అత్త పట్టించుకుంది. పరగడుపున బస్సెక్కితే పేగులు ఎండుతాయని రోజూ పొద్దున్నే నాకు గ్లాసెడు బర్రెపాలు పట్టించేది ఆమే. "చూసినావా మే, పాలు మంచివని మిషనే చెప్పె!" అని గ్లాసు తీసేసి చెంబు పెట్టింది.

కాగితాన్ని కర్నూలు డాక్టరుకు చూపించాను. ఆయన పడీ పడీ నవ్వాడు. "ఇది దేనికీ పనికిరాదమ్మా. కొన్నాళ్ళు ఉత్త అన్నం, పెసరపప్పు తినండి. కడుపు కుదుటపడితే ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోదాం. ఏది పడదో అదే తెలుస్తుంది. ఒక్కపొద్దు ఉన్నాననుకోండి." అంతవరకూ ఆయన అన్న వాటిలో బుద్ధిగల మాట అదొక్కటే. ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఒక్కపొద్దు విషయంలో మా అత్తను మించినవాళ్ళు లేరు. శనివారం శనివారం ఉంటుంది. నా కోసం వేరే గిన్నె తీసింది. ఉల్లిగడ్డ, తెల్లగడ్డ వాసన కూడా ఇంట్లోకి రానివ్వలేదు. మా ఆయన పక్కింట్లో కూర్చుని కారం దోసె తినాల్సి వచ్చింది. అంత నిష్ఠలోనూ పొద్దున ఒక చెంబు, పడుకునేముందు ఒక చెంబు పాలు మాత్రం తప్పలేదు. పాలు తాగితే ఒక్కపొద్దు చెడదు గదా! అది మా ఇంట్లోనే కాదు, ఈ ప్రాంతంలో ఎవరింట్లో అడిగినా అదే రూలు. పాలు తిండి కాదు.

కడుపు కుదుటపడలేదు. ఉత్త అన్నం తింటూ కూడా మళ్ళీ బండల కుప్పల వెనక్కి పరుగెత్తాను.

"చూశారా," అన్నాడు డాక్టరు, "ఇంత పథ్యమున్నా తగ్గలేదంటే తిండి వల్ల కాదు. మనసు వల్ల. ఉద్యోగం మానేసి ప్రశాంతంగా ఉండండి."

"నేను చెప్తానే ఉండా," అన్నాడు మా ఆయన. పక్కింట్లో తిన్న దోసె అప్పటికింకా అరిగి ఉండదు. కాలేజీ పరీక్షలయ్యాక మానేస్తానని ప్రిన్సిపాలుతో చెప్పేశాను.

ఆ ఏడు వానల్లేవు, మేత లేదు. మాకు పాలుపోసే ఆమె బర్రెను అమ్ముకుంది. ప్యాకెట్ పాలను మా అత్త గడప తొక్కనివ్వదు. "అవి పాలా? పౌడరు కడిగిన నీళ్ళు" అని ఇంకో బర్రె కోసం వెతుకుతూ కూర్చుంది. అలా కొన్నాళ్ళు మా ఇంట్లో చుక్క పాలు లేవు. ఆ కొన్నాళ్ళు నా పేగుకు కోపమూ రాలేదు. నా మనసు మాత్రం ఎప్పటిలాగే మండుతూనే ఉంది. ఉద్యోగం పోతున్నదని ఇంకా ఎక్కువే మండింది.

కొత్త బర్రె దొరికింది. ఆదివారం పొద్దున, ఎక్కడికీ పోయే పని లేనప్పుడు, చెంబెడు పాలు కావాలనే తాగాను. అత్త బట్టలు ఆరేసి వచ్చేలోపల తేలిపోయింది.

"పాలే అత్తా ఇంత పని చేసినాయి!"

"పాలా? పసిపిల్లోళ్ళు తాగేది నీకు పడదా? దేవుని ముందర పెట్టేదాన్ని అట్ల అనగాకు. అయినా అది తిండి యాడైతాది మే?"

డాక్టరు దగ్గరికి పోయి చెప్పాను.

"పాలు తాగుతున్నారా? ఎప్పుడూ చెప్పలేదే!"

"మీరు అడగలేదే."

"ఏం తింటున్నారని ప్రతిసారీ అడిగాను కదమ్మా!"

ఏం తింటావని అడిగితే కర్నూల్లో పాల పేరు ఎవరెత్తుతారు? ఈయన తల్లి మాత్రం ఒక్కపొద్దునాడు పాలు తాగకుండా ఉంటుందా? గొట్టం వేసి నా లోపలంతా చూసినవాడికి ఆ మాత్రం తెలియలేదు. అప్పుడు పంపించాడు అసలు పరీక్షకు. పరగడుపున పాలల్లో ఉండే చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, ఉండి ఉండి రక్తం తీశారు. నాకది అరగదని తేలింది. అప్పటికి ఆ సంగతి మా కొత్త బర్రెకు కూడా తెలుసు.

ఐబీయస్ పోలేదు. పేపర్లు దిద్దే రోజుల్లో, మా ఆయన చుట్టాలొచ్చినప్పుడు ఇప్పటికీ పలకరిస్తుంది. దానితో వేగగలను. మా అత్త ఇప్పటికీ ఓడిపోలేదు. "పాలు కాదులే మే, పాయసం" అని గిన్నె ముందుకు నెడుతూనే ఉంటుంది.

ప్రిన్సిపాలు దగ్గరికి పోయి మానడం లేదన్నాను. "మీ చోటుకు వేరేవాళ్ళను అనుకున్నామే!" అన్నాడు. "అనుకున్నారు గదా, పిలవలేదు గదా," అని క్లాసుకు వెళ్ళిపోయాను.

మరుసటి పొద్దున బస్సెక్కితే డోరు పక్క సీటు ఖాళీగా ఉంది. దాన్ని దాటుకుని వెనక కిటికీ పక్కకు పోయాను. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "ఏం మేడం, ఈ పొద్దు అంత యెనక కూసున్నారు? డోరు కాడ ఎవురినీ లేపలేదే!" అన్నాడు.

"ఎవరినన్నా లేపాల్నా? నువ్వు లెయ్, నీ సీట్లో కూసుంటా" అన్నాను.

బస్సంతా నవ్వింది. మా ఇంటర్ పిల్లలు కూడా.