నాకు చదవడం నేర్పిన టీచరమ్మగారు

పోయిన శుక్రవారం పొద్దున బందరు నుంచి ఫోనొచ్చింది. మా టీచరమ్మగారు నిద్రలోనే వెళ్ళిపోయారని ఆవిడ చెల్లెలు చెప్పారు. అప్పటికే నేను మేకప్ వేసుకుని పొద్దుటి వార్తలకి సిద్ధంగా ఉన్నాను. చదవడం పూర్తిచేసి, అట్నుంచటే బయల్దేరాను.

మాది మొవ్వ దగ్గర పల్లె. బందరులో డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడ ఇంటి వెనకగదిలో అద్దెకుండేదాన్ని. టీవీలో వార్తలు చదవాలని నా కోరిక. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పేపరు పట్టుకుని అద్దం ముందు చదువుకుంటుంటే ఆవిడ విన్నారు. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నవ్వలేదు.

"అద్దానికేం తెలుస్తుందే? ఆదివారం చర్చిలో వాక్యం చదువు" అన్నారు.

మొదటి ఆదివారం, అందరూ లేచి నిలబడి, ఆడవాళ్ళు తలమీద కొంగు కప్పుకుని వాక్యం వింటుంటే, అరిచినట్టు చదివాను. ఇంటికొచ్చాక కాఫీ ఇస్తూ, "దేవుడికి చెవుడు లేదమ్మా" అన్నారు. అంతే.

ఎవరు మాట్లాడుతున్నా పని ఆపేసి వినడం ఆవిడ అలవాటు. చేపలు తెచ్చే ఆమె సముద్రం కబుర్లు చెబుతుంటే బేరం సంగతే మర్చిపోయేవారు. ఓ వర్షాకాలం దివిసీమ వైపు పడవ బోల్తాపడి ముగ్గురు పోయారు. ఆ వార్త గొంతు వణికిస్తూ చదివి వినిపించాను.

"నువ్వు ఏడవకు. ఆ ఇళ్ళవాళ్ళూ వింటుంటారు. పేర్లు మాత్రం నెమ్మదిగా, స్పష్టంగా చదువు. రేపు వాటిని ఇంకెవరూ చదవరు" అన్నారు.

డిగ్రీ చివరి ఏడాది, కొత్తగా వచ్చిన ఓ ఛానల్ వాళ్ళు హైదరాబాదులో వాయిస్ టెస్టుకి పిలిచారు. సంగతి తెలిసి నాన్న పరుగున వచ్చాడు.

"మనలాంటోళ్ళకి టీవీలెందుకండీ? బీఈడీ చేస్తే చాలు."

"అన్నయ్యగారూ, మీ అమ్మాయి చదువుతుంటే ఎప్పుడైనా విన్నారా?" అని అడిగారావిడ.

నాన్న ఆ ఆదివారం చర్చికొచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండానే, "ఏ బస్సుకెళ్తావే?" అన్నాడు.

టీచరమ్మగారే తోడొచ్చారు. టెస్టయ్యాక నన్ను తీసుకోలేదు. గొంతులో పల్లెటూరి యాస ఉందన్నారు. తిరుగు ప్రయాణంలో గుడివాడ బస్టాండులో బందరు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. ఆవిడ ఓ జామకాయ కొని, సగం నా చేతిలో పెట్టారు.

"ఇవాళ వద్దన్నారు. ఎప్పటికీ వద్దన్నారా?"

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి తీసుకున్నారు.

మొన్న సమాధి దగ్గర జనం పలచబడ్డాక ఆవిడ చెల్లెలు నా పక్కకొచ్చారు. నేను మొదటిసారి వార్తలు చదివిన సాయంత్రం వీధి వీధంతా అక్కగారింట్లోనే ఉందని చెప్పారు. ఎవరో కుర్చీ జరిపితే ఆవిడ వద్దన్నారట. తలమీద కొంగు కప్పుకుని, చేతులు కట్టుకుని, వార్తలయ్యేదాకా ఆ టీవీ ముందు నిలబడే ఉన్నారట.