అయ్యగారి అంగీలో జానెడు మడత

2021 చివర్లో, మాస్కులు కుట్టించుకునేవాళ్లు తగ్గి, మళ్లీ జాకెట్లూ చొక్కాలూ రావడం మొదలైన రోజులు. నరసన్నపేట బజారులో నాది కుట్టు దుకాణం. పొద్దున్నే మిషనుకి బొట్టుపెట్టి అగరొత్తి వెలిగిస్తే గాని పెడల్ మీద కాలు వెయ్యను. అలాంటి నా దగ్గరికి మా ఊరి లూథరన్ సంఘపెద్ద యోహాను తెల్ల గుడ్డ పట్టుకొచ్చాడు. చుట్టరికమేమీ లేకపోయినా చిన్నప్పట్నుంచీ నన్ను బావా అంటాడు. నేనూ అంతే.

చాలాకాలంగా వాళ్ల గుడికి పాస్టరు లేడు. ఎట్టకేలకు ఒకాయన వస్తున్నాడని పైనుంచి కబురొచ్చింది. ఆయన బాధ్యత తీసుకునే ఆదివారం సంఘం తరఫున క్యాసక్ ఇవ్వాలట. క్యాసక్ అంటే పాస్టర్లు ఆరాధనలో వేసుకునే నిలువుటంగీ. మెడ నుంచి చీలమండ దాకా నునుపుగా జారాలి. కొలతలేవని అడిగితే, మనిషిని తనూ ఇంకా చూడలేదన్నాడు.

"సూడని మనిసికి అంగీ ఎలా కుట్టీది బావా?"

"పాతాయన కొలతలున్నాయి గదా, అవే ఎయ్యి. ఇచ్చీవోడు దేవుడు, కొలత తక్కువిస్తాడేటి?"

పాతాయన ఆరడుగుల మనిషి. ఆయన గొంతు విప్పితే హైవే మీద లారీ హారన్లు కూడా వినబడేవి కావని యోహాను గొప్పగా చెప్పుకుంటాడు. నాకు ఒళ్లు మండింది. కానీ దేవుణ్ని మధ్యలోకి తెచ్చాక ఇంకేం వాదిస్తాను? ఆ కొలతలకే కుట్టేశాను.

ఆ ఆదివారం పొద్దున్నే ఫోను. సూదీ దారం పట్టుకుని ఉన్నపళంగా రమ్మన్నాడు. గుడి పక్కన వెస్ట్రీ అనే చిన్న గది ఉంటుంది, పాస్టర్లు అంగీ తొడుక్కునే చోటు. అక్కడ నా అంగీ నిలబడి ఉంది. పైన ఒక తల కనబడుతోంది. చేతులు ఎక్కడున్నాయో తెలియడం లేదు. కొత్త అయ్యగారు నా భుజం దాకా కూడా రారు.

"మనిషి కనబడకూడదు, దేవుడిచ్చిన పని కనబడాలి. అందుకే మాకు ఈ అంగీ వేస్తారండి," అన్నారాయన నెమ్మదిగా. "మీరు కొంచెం ఎక్కువే సాధించారు."

నవ్వొచ్చింది గాని, యోహాను ముఖం చూసి ఆపుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, గుండుసూదులు నోట్లో పెట్టుకుని, కత్తెర తీశాను. యోహాను నా చెయ్యి పట్టుకున్నాడు. గుసగుసగానే అన్నాడు, కానీ అతని గుసగుస వీధి చివర దాకా వినబడుతుంది.

"కత్తెర ఎయ్యకు బావా, మడిసి కుట్టీ. ఈయన ఎన్నాళ్లో ఉండడు. రేపొచ్చీవోడికి ఇప్పుకోవచ్చు."

అయ్యగారు విన్నారు. విననట్టు కిటికీ వైపు చూశారు. నాకు ఆ క్షణంలో ఆయన మీద చెప్పలేనంత జాలేసింది. కిందంచు మడతని మేం హెమ్ అంటాం. వేలెడు ఉంటే అందం. ఆ రోజు జానెడు పెట్టాను. చేతులకీ అంతే, హడావిడి కుట్లు. ఆరాధన చివర దీవెన ఇవ్వడానికి ఆయన చేతులెత్తారు. కుట్లు పటపటా ఊడి, చేతుల మడతలు జారి అరచేతుల్ని మింగేశాయి. జనం కిసుక్కుమన్నారు. నా పరువు అక్కడే పోయింది. ఆయన మాత్రం ఆ తెల్ల గుడ్డల్ని ఊపుకుంటూనే దీవెన పూర్తి చేశారు.

తర్వాత యోహాను తల్లికి జబ్బు ముదిరితే చూడ్డానికి వెళ్లాను. ముసలామెకి బ్రహ్మచెముడు. అయ్యగారు మంచం అంచున కూర్చుని, నోరు ఆమె చెవికి ఆనించి, నీ పాపాలు క్షమించబడ్డాయమ్మా అని చెబుతున్నారు. ఆమె కళ్లు తెరిచి ఇల్లంతా వినబడేలా అడిగింది:

"నువ్వెవుడివి బాబూ ఆ మాట సెప్పడానికి?"

"నేనెవణ్ణీ కాదమ్మా. దేవుడు చెప్పమని పంపాడు, చెబుతున్నాను."

"మరిన్నాళ్లూ ఏ మూల కూకున్నావు? ముందాయన గుమ్మంలో నిలబడి అరిసీవోడు, ఒక్క ముక్క ఇనబడితే ఒట్టు."

యోహాను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. నాకైతే రెండూ వచ్చాయి. వారం తిరక్కుండా ఆమె పోయింది. సమాధి దగ్గర, తడిసి బరువెక్కి జారిన ఆ జానెడు మడత బురదలో ఈడ్చుకుంటూ అయ్యగారు నిలబడితే, యోహానే వంగి అంచు ఎత్తి పట్టుకున్నాడు.

మూడేళ్లకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. లూథరన్ సంఘాల్లో పాస్టర్లని మారుస్తుంటారు. ఆపించడానికి యోహాను పెద్దల చుట్టూ తిరిగి, ఉత్త చేతులతో వచ్చి, అంగీ నా బల్ల మీద పెట్టాడు. వచ్చేవాడు మంచి పొడగరి అని ఊళ్లో అప్పటికే చెప్పుకుంటున్నారు. సరే, విప్పమంటాడని నేను మడత కుట్టు వెతకబోయాను.

"ఇప్పకు బావా. కత్తిరించీ."

"మడతంతానా?"

"అంతా. సేతులు కూడా. ఇంకెవుడికీ సరిపోకూడదు. అయ్యగారు అట్టుకెళ్తారు."

కత్తిరించాను. ఆయన ఒంటికి సరిగ్గా, వేలెడు హెమ్‌తో, నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ అంగీ కుట్టలేదు. మరి వచ్చేవారికో అని అడిగితే, యోహాను గుమ్మంలో ఆగాడు.

"దేవుడు ఇంకో మనిసినిస్తాడు. ముందు రానీ బావా. సూసి కొలుద్దాం."

నలభై ఏళ్లుగా టేపు మెళ్లో వేసుకుని తిరుగుతున్నాను. ఎవరెంత చెప్పినా, దేవుడి పేరే ఎత్తినా, మనిషి ఎదురుగా నిలబడనిదే ఇప్పుడు గుడ్డ మీద సుద్దగీత పెట్టను.