మాణిక్యమ్మ జొనరొటెలు

మాణిక్యమ్మకు ఒకటే పిచ్చి. ఎవరి చేతిలో ఫోను కనిపించినా పట్టుబట్టి తప్పు రాయించేది.

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన ఆమెది జొన్నరొట్టెల దుకాణం. ఎవరైనా బల్ల మీద కూర్చుని రొట్టె అడిగితే, "ముందుగాల ఫోన్ తీయి" అనేది.

"ఎందుకు పెద్దమ్మా?"

"గూగుల్ల జొనరొటె అని కొట్టు. ఒత్తులు పెట్టకు."

"జొన్నరొట్టె కదా?"

"నీకు రొట్టె కావాల్నా, వ్యాకరణం కావాల్నా?"

ఆకలి మీదున్నవాడు తప్పే రాసేవాడు. తెర మీద ఆమె దుకాణం అందరికన్నా పైన వస్తే పచ్చిమిరపకాయల కారం రెండు వేళ్ల మందాన రొట్టెకు పూసేది. రెండోదిగా వచ్చిందా, ముందు ఆమె మొహం మాడేది, తర్వాత రొట్టె మాడేది.

ఆ వెబ్‌సైటు చేసింది నేనే. చుట్టూ చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. జిరాక్స్ సెంటర్ పైన చిన్న గదిలో కూర్చుని వెంచర్ల వాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టేదాన్ని. ఎవరైనా 'ప్లాట్లు' అని వెతికితే తమ పేరే మొదట రావాలని వాళ్లు నా ప్రాణం తీసేవాళ్లు. మాణిక్యమ్మ మెట్లెక్కి వచ్చి మూడు మాటలు చెప్పింది: జొనరొటె, ఇబరంపటనం, మానికమ. ఈ మూడింటిలో ఏది కొట్టినా తన దుకాణమే పైన రావాలట.

"పెద్దమ్మా, ఇట్ల ఎవ్వరు రాయరు."

"రాసెటోళ్లు ఉన్నరు నర్మదా. నువ్వు చెయ్యి."

"తప్పు రాస్తే 'మీరు వెతికింది జొన్నరొట్టెనా' అని అదే అడుగుతది."

"దాన్ని పంతులుగ ఎవడు పెట్టిండు?"

సరే, ఒక్కో మాటకు ఒక్కో పేజీ చేశాను. రొట్టెలు తిన్నవాళ్లందరి చేత ఆ పేజీల కింద మాణిక్యమ్మ అభిప్రాయాలు రాయించేది. అవి కూడా ఒత్తుల్లేకుండానే. 'రొటె మసతుగుంది' అని ఒక ఇంజినీరు రాశాడు. తీరా చూస్తే, పక్కనున్న ఆదిబట్ల సాఫ్ట్‌వేర్ పిల్లల్లో సగం మందికి తెలుగులో అంతకన్నా బాగా రాయడం రాదు. వాళ్లంతా తమంతట తామే తప్పు రాసి, సరిగ్గా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. దుకాణం కిటకిటలాడింది. రెండు మాటలకు మాది పైకెక్కింది.

మూడోదే కదల్లేదు. 'మానికమ' అని కొడితే మాణిక్యాలు అమ్మే నగల దుకాణాలు వరుసగా నిలబడేవి.

"ఇగో, మళ్ల రాళ్లే వచ్చినయి" అని రోజూ ఫోను నా ముందు పెట్టేది. ఒక వానాకాలం మధ్యాహ్నం నాకు విసుగొచ్చింది.

"నీ పేరు తప్పు రాసి వెతికెటోళ్లు ఈ లోకంల ఎవరున్నరు పెద్దమ్మా?"

మాణిక్యమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎంకమ్మ ఉన్నది."

ఇద్దరూ కలిసి కూలికి పోయేవాళ్లట. కలిసే పెద్దవాళ్ల చదువుల బడిలో చేరారు. ఎంకమ్మకు ఒత్తులు రాలేదు.

"మొదటిసారి పలక మీద నా పేరే రాసింది, మానికమ అని. బడి బడంత నవ్విండ్రు. మళ్ల రాలే. భూమి అమ్ముకున్నంక మొగడు బొంబాయి దిక్కు భీవండికి తోల్కపోయిండు, మగ్గాల పనికి. నంబర్లు మారినయి. నాకు దాని జాడ లేదు, దానికి నా జాడ లేదు."

పెనం మీద రొట్టె తిప్పేసింది.

"ఊరు యాదికొస్తే అది రొట్టెనే వెతుకుతది. లేకుంటే నన్ను. అదేం రాసినా ఆ ఫోను నవ్వొద్దు బిడ్డా. 'అవ్, నువ్వు రాసింది మంచిగనే ఉంది' అనాలె."

నేను గదికి వచ్చి వెంచర్ల పని పక్కన పెట్టి కూర్చున్నాను. నగల దుకాణాలను ఒక్కొక్కటే కిందికి తోసేసరికి చలికాలం వచ్చింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను అక్కడ తింటుండగా దుకాణం ఫోను మోగింది. మాణిక్యమ్మ చేతులకు పిండి ఉందని స్పీకర్ పెట్టాను.

"భీవండికి రొట్టెలు పంపుతరా?" అంది ఒక ఆడగొంతు.

మాణిక్యమ్మ చేతిలోని రొట్టె అట్లాగే ఆగిపోయింది.

"ఎంకా?"

అవతలి నుంచి సన్నగా వినిపించింది. "మానికమ్మా... నువ్వింక బతికే ఉన్నవానే?"

"సచ్చినోళ్లు రొట్టెలు చేస్తరా?"

అంతే, మొదలైంది. పిల్లలు, కోడళ్లు, మోకాళ్ల నొప్పులు, చచ్చిపోయిన బర్రె. పెనం మీద రొట్టె పొగలు కక్కుతుంటే ఒక సాఫ్ట్‌వేర్ పిల్లాడే లేచి తిప్పేశాడు. ఇంకొకడు కారం తనే వేసుకున్నాడు. ఆమె ఎవరినీ చూడలేదు.

"శనివారం బస్సెక్కి ఐతారం పొద్దుగాల దిగుత" అంది ఎంకమ్మ.

మాణిక్యమ్మ ముక్కు చీది, మా వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"ఐతారం ఎవ్వలు రాకుండ్రి. దుకాణం తెరిచే ఉంటది, మీకు మాత్రం రొట్టెలుండయి."